గోలెంలో గప్పీ పిల్లలు

అమ్మా,

నువ్వు పోయాక నీళ్ల గోలెంలోని మగ గప్పీ చేపలన్నీ కోహీర్ చిన్నమ్మకు ఇచ్చేశాం. "రంగు గాదు, పొట్ట కింది రెక్క చూడు. పుల్ల లెక్క సన్నగుంటే మగది" అని నువ్వు చెప్పినట్టే ఏరాను. ఒక్క ఆడచేపను మాత్రం ఉంచుకున్నాం.

నెలలు గడిచాక, ఈ పొద్దున గోలెంలో పిల్లలు కనిపించాయి! ఇంతకుముందు పెట్టినవాటిని తల్లే తినేసి ఉంటుంది. మగది లేకున్నా ఆడది బీజం దాచుకుని నెలల తర్వాత కూడా పిల్లల్ని పెడుతుందని నువ్వంటే, నాన్న నమ్మేవాడు కాదు.

టైముకు చాయ్ అందకపోతే ఇల్లు పీకి పందిరేసే నాన్న, ఇప్పుడు చాయ్ వడగట్టే జాలితో ఆ పిల్లల్ని గిన్నెలోకి తీస్తున్నాడు. చాయ్ మరిగింది, జాలి ఇమ్మన్నాను.

"జర ఆగు బిడ్డా, మీ అమ్మ చేపపిల్లలు ఇంకా ఉన్నయి" అన్నాడు.