పులి కన్ను

కర్నూలు. మాఘమాసం, గురువారం రాత్రి.

బర్మా యుద్ధానికి పోయే పటాలంలో ప్రతి సిపాయి జేబులోనూ నా కొడుకు బ్రహ్మయ్య చేసిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. ఆ సంతోషానికి నిద్ర రావడం లేదు.

పొద్దున ఆ పటాలం సుబేదారు చెప్పిన వేళకంటే ముందే వచ్చి, బిళ్ళల అచ్చు మీద చెక్కిన పులిని చూసి మొహం చిట్లించాడు.

"పులికి కన్ను యాడప్పా? గుడ్డి పులిని జోబులో పెట్టుకొని యుద్ధానికి పోవల్లనా మేము?"

పని చేజారిపోతుందని నేను గబగబా ఆయనకు పీట వేశాను. బ్రహ్మయ్య మాత్రం తొణకలేదు.

"దేవుని బొమ్మయినా, పులి బొమ్మయినా మా ఇంట్లో అంతా చెక్కినాక, కడాకు కన్ను తెరుస్తాం సామీ. మీ ఎదురుగానే తెరుస్తా, కూచోండి."

నన్ను దీపం పట్టుకోమని, ఉలితో ఒక్క దెబ్బ వేశాడు. ఆ అచ్చుతో మొదటి బిళ్ళ కొట్టి నా చేతికిచ్చాడు. పులి మమ్మల్నే చూస్తోంది. ఎంత పనివాడు నా కొడుకు!

సుబేదారు బూట్లు విప్పి పక్కన పెట్టాడు. "మాయమ్మ పోయి శానా దినాలాయ. నీ చేత్తో ఇయ్యవ్వా" అని దోసిలి పట్టాడు. ఇచ్చాను. కళ్ళకద్దుకున్నాడు.

ఇప్పుడు ఒకటే దిగులు. కుడిచేత్తోనే ఇచ్చి ఉంటానా? కుడిచేతిలో దీపం ఉండింది గదా...