కామ్‌హో పోసిన టీ

వాన్‌చాయ్, హాంకాంగు

మరిది చీక్‌ఫాయ్‌కి,

మీ అన్న పోయి నెల తిరక్కముందే నీ ఉత్తరం వచ్చింది. మా వీధికి ట్రాము వచ్చి ఇళ్ల ధరలు పెరగడంతో ఈ ఇంటిమీద నీకు ప్రేమ పుట్టుకొచ్చినట్టుంది.

రెండో భార్య ఇచ్చిన టీని పెద్దభార్య తాగితేనే ఆమెకు ఇంట్లో హక్కని ఇక్కడి దొరల కోర్టు కూడా ఒప్పుకుంటుంది. అందుకే, "తాగలేదని ఒక్క మాట చెప్పు వదినా, కామ్‌హోను గెంటేద్దాం" అని రాశావు.

నిజమే. ఇంట్లో అడుగుపెట్టిన నాడు ఆమె మోకరిల్లి ఇచ్చిన టీని ఉమ్మితొట్టిలో పోశాను. నువ్వు పళ్లికిలించావు కూడా.

నిన్న కామ్‌హోకు నీ ఉత్తరం చదివి వినిపించాను.

"నేనెక్కడికి పోను అక్కా?" అని ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు టీ పెట్టవే మొద్దూ" అన్నాను.

మళ్లీ మోకరిల్లి ఇచ్చింది. చుక్క మిగల్చకుండా తాగాను.

తాగానని కోర్టులో ప్రమాణం చేస్తాను, అబద్ధం కాదుగా. నువ్వూ రా, టీ పోయిస్తాను. ఆ ఉమ్మితొట్టి ఇంకా అక్కడే ఉంది.

నీ వదిన