ఐదు డబ్బాల వంట

ఆదివారం
మా బుజ్జికి ఆఫీసులో పెద్ద పని ఒప్పజెప్పారు! నీళ్ళ పంపు కింది స్టాండు ఎలా చేస్తే ఊగదో కంప్యూటర్లో పరీక్షించి శుక్రవారానికి చెప్పాలి. నెగ్గితే జట్టుకు తనే పెద్ద! నా తల్లే, నా బంగారమే!

"అన్ని రకాల స్టాండ్లూ ఎప్పటికి చూస్తావమ్మా?" అన్నాను.

"ప్రతిసారీ మొదట్నుంచి చెయ్యను నాన్నా. బరువెంత, బోల్టులెక్కడ, అన్నీ ఒకసారి పెట్టి దాచుకున్నా. కొత్త స్టాండు బొమ్మ మార్చి నడిపించడమే."

ఆహా! ఈ వారం వంట నాది. అదే పద్ధతి! ఉల్లిపాయలు వేయించి, ఉప్పూ కారం కలిపి ఐదు డబ్బాల్లో సర్దేశాను. రోజుకో డబ్బా, రోజుకో కూరగాయ. అంతే!

సోమవారం
బంగాళాదుంప. అద్భుతం! చిటికెలో అయిపోయింది. తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మంగళవారం
గుమ్మడికాయ. బాగుంది. మా ఆవిడ మాత్రం, "నిన్నటి కూరలో ముక్కలు మార్చారా ఏంటి?" అంది. అసూయ.

బుధవారం
పాలకూర. గంపెడు ఆకు గుప్పెడయింది! డబ్బాలో కలిపిన ఉప్పు మాత్రం తగ్గలేదు.

బుజ్జి సీసాడు నీళ్ళు తాగి నవ్వింది. "దాచింది వాడేముందు కొత్తదానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి నాన్నా!"

తప్పు ఆకుకూరదే.

గురువారం
నాలుగో డబ్బాకు ఫ్రిజ్ వాసన పట్టినట్టుంది. హోటల్ నుంచి తెప్పించాను. వంట మానలేదు, ఆలోచిస్తున్నాను.

శుక్రవారం
మధ్యాహ్నం దాటినా బుజ్జి గదిలోంచి రాలేదు. చివరి స్టాండు వేరే లోహమట. పాత లెక్క నమ్మక, అదొక్కటీ మొదట్నుంచి చేసింది. నేను తలుపు ముందే పచార్లు చేశాను.

సాయంత్రం తలుపు తెరిచి, "నాన్నా, అదే నెగ్గింది! సోమవారం నుంచి జట్టు నాదే!" అంది.

ఏడ్చాను, ఎగిరాను, పొయ్యి మీద అన్నం మరిచాను. గిన్నె బొగ్గు. మా ఆవిడ గరిటె లాక్కుని నన్ను వంటింట్లోంచి గెంటేసింది. ఇక వంటకు నేను సన్యాసం!

శనివారం
బుజ్జి వచ్చి పక్కన కూర్చుంది. "ఇకనుంచి నాకు ఇంకా ఎక్కువ పని నాన్నా. వంట నువ్వే చూడాలి."

నన్నే అడిగింది! ఇంట్లో ఇంకొకరుండగా నన్నే!

సంచెడు ఉల్లిపాయలు తెచ్చాను. ఈసారి పది డబ్బాలు!

"ఏ కూరలకండీ?" అంది మా ఆవిడ.

"ముందు డబ్బాలు కానీవే, కూరల సంగతి తర్వాత!"