ఉప్పునీళ్ళు

డాక్టర్ విజయ్ పాల్ గారికి, రెంజల్ ఆశన్న తమ్ముణ్ణి, జైలు నుంచి రాస్తున్నాను.

సెలైన్ స్టాండుతో మీ దవడ విరగ్గొట్టింది నేనే. కిందపడ్డాక కూడా తన్నాను. మీ పళ్ళు నా చెప్పుల కింద నలిగిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

స్టెంట్ వేయించుకునేవాళ్ళ గుండె కాపాడడానికి వాపు తగ్గించే మందును పరీక్షిస్తున్నామని, సగం మందికి మందు లేని ఉత్త మాత్రే వస్తుందని మీరు చెప్పారు. అడవినాభి గడ్డలో ఉండే మందేనని కూడా దాచలేదు. ఆ గడ్డ తినబట్టే మా చెల్లె చచ్చిపోయింది. అన్న మాత్రం "గింతంత గోలితోని ఏమైతదిరా" అని సంతకం పెట్టాడు.

స్టెంట్ వేసిన మర్నాడు నర్సు మాత్రలన్నీ మింగించి, "రక్తం పల్చగయ్యే గోలి తప్పితే స్టెంట్ మూసుకపోతది, పైలం" అని వెళ్ళింది. ఆ మాత్రల్లో నాకు విషమే కనబడింది. పురుగుమందు తాగినవాళ్ళకు ఊళ్ళో చేసినట్టే, అన్న దవడలు నొక్కిపట్టి ఉప్పునీళ్ళు పోసి అన్నీ కక్కించాను. మధ్యాహ్నానికి స్టెంట్ మూసుకుపోయి చనిపోయాడు. "విషం పెట్టి సంపినవ్" అని మీ మీద పడ్డాను.

అన్నకు వచ్చింది ఉత్త మాత్రేనని నిన్న వకీలు చెప్పాడు. ఉప్పునీళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. వదిన ఇంకా మిమ్మల్నే శపిస్తోందట. దవడకు తీగలు కట్టారు కాబట్టి మీరు ఆమెకు జవాబు చెప్పలేరు. ఈ కాగితం ఆమె చేతిలో పెట్టండి. ఆమెకు చదవడం వచ్చు.