టాక్సస్ తాగిన రాజు

టొంగెరెన్, జూలై 6

ప్రియమైన సిస్టర్ లుడోవికా గారికి,

ఈ ఉదయం అమ్మ కాఫీలో రెండుసార్లు పంచదార వేసుకుని, రెండుసార్లూ కలపడం మరిచిపోయింది.

అమ్మకు రొమ్ము కాన్సర్. మందు టాక్సస్ అనే కంచె చెట్టు కొమ్మల నుంచి తీస్తారని డాక్టరు ఉత్సాహంగా చెప్పాడు. అమ్మ వెంటనే సంచీ తీసుకుని లేచింది.

తప్పు నాది. పదమూడేళ్లప్పుడు మీ లాటిన్ క్లాసు నుంచి వచ్చి రోమన్ సేనాని సీజరు రాసింది అమ్మకు అప్పజెప్పాను. మన ఊరి పాత జనం ఎబురోనెస్. ఆ పేరు టాక్సస్ చెట్టు నుంచే పుట్టింది. వాళ్ల రాజు కాటువోల్కస్ ఆ చెట్టు విషమే తీసుకుని చనిపోయాడు. మర్నాడే అమ్మ మా టాక్సస్ కంచెను వేళ్లతో సహా పీకించింది. వీధిలో వాళ్లంతా కంచెలు కత్తిరించి ఆ కొమ్మలు మందుకోసం సంచుల్లో కట్టి ఇస్తారు. అమ్మ ఆ సంచులు చూస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తుంది.

"రాజునే చంపింది. ఆదివారం సంతలో పాత పింగాణీ అమ్ముకునేదాన్ని, నన్ను వదుల్తుందా? నువ్వేగా చెప్పావు, ప్రొఫెసరమ్మా!" అంటుంది.

శుక్రవారంలోగా డాక్టరుకు ఔననో కాదనో చెప్పాలి. ఆ పేరు నిజంగా చెట్టుదేనా? అడవిపందిదనే వాళ్లూ ఉన్నారు. అసలు ఎబురోనెస్ కెల్టులు కారు, జర్మనులని సీజరే ఒకచోట అంటాడు; అలాగైతే వాళ్ల పేరు కెల్టు భాషలోని చెట్టు మాట కాకపోవచ్చు. నిన్నంతా లైబ్రరీలో కూర్చున్నాను. చదివిన కొద్దీ ఇంకా అయోమయం. నాకు కావలసింది నిజమో, అమ్మను ఒప్పించే అబద్ధమో కూడా తెలియడం లేదు. పేరు చెట్టుది కాదని మీరొక్క ముక్క రాస్తే అమ్మ నమ్ముతుంది. అలా అడగడం పాపమా?

మీ
వీర్లె

జూలై 14

సిస్టర్ గారికి,

మీ జవాబు రాకముందే అంతా అయిపోయింది. గురువారం బంగాళాదుంపల తొక్క తీస్తూ అమ్మ అడిగింది.

"ఇంతకీ ఆ రాజు ఎందుకు తాగాడే?"

పుస్తకం తీసి చూశాను. "ముసలివాడయ్యాడు. యుద్ధం చెయ్యలేడు, పారిపోనూ లేడు. అందుకని."

"ఈ ముక్క అప్పుడెందుకు చెప్పలేదు?"

"అప్పుడు విషం ఒక్కటే గొప్పగా అనిపించింది."

"నీ చదువు తగలెయ్య! నాకు యాభై రెండే. కావాలంటే పరిగెత్తగలను కూడా." కత్తి గిన్నెలో పడేసింది. "ఫోను ఇలా తే."

సోమవారం మొదటిసారి మందు ఎక్కించారు. పేరు సంగతి నాకింకా తేలలేదు. మీరు అబద్ధం రాసి ఉంటే చించెయ్యండి. నిజమైతే పంపండి. అమ్మ వాంతులు చేసుకుంటూ లోపలికి రానివ్వదు, నేను తలుపు బయట నిలబడతాను. ఈ ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

వీర్లె