ఆరున్నొక్కటి

6 జనవరి 2025, సోమవారం

ఇవాళ్టి నుంచి మా ఆఫీసులో ఇటుక కొనాలన్నా కంప్యూటర్‌ని అడగాలి.

రేపల్లెలో మేం కడుతున్న నర్సింగ్ హాస్టల్ అసలు కాంట్రాక్టు హైదరాబాద్ కంపెనీది. మేం వాళ్ల కింద సబ్ కాంట్రాక్టు. ఇకమీదట ఏం కొన్నా తమ పోర్టల్‌లోనే కొనాలని వాళ్లు తేల్చేశారు. కొటేషన్, వేలం, ఆర్డర్, అన్నీ అందులోనే. మాకు నేర్పడానికి అజయ్ బాబు అనే ట్రైనర్‌ని తెనాలిలో మా ఆఫీసుకి పంపారు. ఇస్త్రీ నలగని కుర్రాడు. ఇంకా మన సిమెంటు దుమ్ము తగల్లేదు.

మా ఓనర్ వెంకట సుబ్బయ్య గారికి డెబ్బై దాటాయి. ఇటుకలు కొనే ముందు రెండింటిని చెవి దగ్గర పెట్టుకుని ఒకదానికొకటి కొడతారు. కంచులా ఖంగుమంటే కొంటారు, లేకపోతే లారీ వెనక్కి. ఆయన అజయ్ బాబుని అడిగిన మొదటి ప్రశ్న, మీ పోర్టల్‌కి చెవులున్నాయా అని. ఆ అబ్బాయి నవ్వకుండా, ఉన్నాయండి, వాయిస్ ఎంట్రీ ఉంది అన్నాడు.

నాకు మాత్రం భలే హుషారుగా ఉంది. పద్నాలుగేళ్లుగా ఈ పర్చేజ్ సీట్లో కూర్చున్నా కొత్త బటన్ కనిపిస్తే నొక్కకుండా ఉండలేను. మంత్రసాని నా బొడ్డు కోస్తుంటే ఆ కత్తి ఎక్కడ కొన్నావని అడిగి ఉంటానని అమ్మ అంటుంది.

9 జనవరి, గురువారం

చెవులున్నాయి గానీ మన చెవులు కావు.

సుబ్బయ్య గారు ఏడు అనరు. ఏడు అంటే ఏడవమన్నట్టు. ధాన్యం కొలిచే ఇంట్లో పుట్టిన మనిషి, ఆరు తర్వాత ఆరున్నొక్కటి అంటారు, ఆ తర్వాత ఎనిమిది. నిన్న ఆయనే ముచ్చటపడి మైక్ బటన్ నొక్కి, కంకర ఆరున్నొక్క లోడు అన్నారు. పోర్టల్ అరవై ఒకటి అని విని ఇండెంట్ పంపేసింది.

పొద్దున్నే హైదరాబాద్ నుంచి మెయిల్. మూడంతస్తుల హాస్టల్‌కి అరవై ఒక్క లోడ్ల కంకర దేనికి అని. అజయ్ బాబుకి విషయం విడమర్చి చెబితే, సిస్టమ్‌లో అలాంటి అంకె లేదు మేడమ్ అన్నాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. సుబ్బయ్య గారు నవ్వలేదు. అంకె లేకపోతే పెట్టుకోమను అన్నారు.

21 జనవరి, మంగళవారం

సప్లయర్లని రిజిస్టర్ చేయడానికి చెరుకుపల్లి వెళ్లాను. బస్సులో సీటు దొరకలేదు. దొరికిన ఆయన నిద్రపోయాడు, ఎలా పడుతుందో అంత నిద్ర!

ముందు ఎబినేజర్ గారు. ఇరవై ఏళ్లుగా మాకు ఇటుకలు తోలుతున్నారు. పెద్ద బట్టీ. లూథరన్ చర్చిలో పెద్ద, కోతపండుగ వేలం ముప్పై ఏళ్లుగా ఆయన నోటి మీదే నడుస్తోందట. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ అంకెల్ని బైబిలు వచనంలా గట్టిగా చదివారు.

తర్వాత వరమ్మ గారు. ఆవిడ పేరు నేనే వెతికి పట్టుకున్నాను. పోర్టల్‌కి కనీసం ముగ్గురు ఇటుకల వాళ్లు కావాలి. భర్త శాలేమురాజు గారు పోయి రెండేళ్లయింది. బట్టీ ఈవిడే నడుపుతోంది. స్థలం కౌలుది. నెలాఖరు కాదు, వచ్చే నెలాఖరులోగా పెద్ద ఆర్డరేదైనా చూపించకపోతే స్థలం వాళ్లు చేపల చెరువు తవ్వించుకుంటారట. మీ హాస్టల్ ఆర్డరు వస్తే బట్టీ ఉంటుంది, లేకపోతే చేపలుంటాయి అంది. నవ్వుతూనే అంది. ధర ఎంత వరకు తగ్గగలరో చూసుకోండి పిన్నిగారూ అన్నాను. వెయ్యి ఇటుకలకి ఏడు వేల కన్నా రూపాయి తగ్గినా కాలేది బట్టీ కాదమ్మాయ్, నేను అంది.

మూడో ఆయన బాపట్ల దత్తు. నేను వెళ్లే పని లేకుండా ఫోన్లోనే పది నిమిషాల్లో రిజిస్టర్ అయిపోయాడు. వెంటనే పోర్టల్‌కి మంచి రేటింగ్ కూడా ఇచ్చాడు.

30 జనవరి, గురువారం

ఇవాళ ఉత్తుత్తి వేలం. ప్రాక్టీసన్నమాట.

ఇందులో ధర పెంచరు, తగ్గిస్తూ పోతారు. రివర్స్ ఆక్షన్. పోర్టల్ తెలుగు పేజీలో వెనుక వేలం అని ఉంది, ఎవరు తర్జుమా చేశారో గానీ చల్లగా ఉండాలి. ఎవరి ఇంట్లోంచి వాళ్లు ఫోన్లో పాడుకోవచ్చు. ఎవరికీ ఎవరి పేరూ కనిపించదు. బిడ్డర్ వన్, బిడ్డర్ టూ, బిడ్డర్ త్రీ, అంతే. పేర్లు నా ఒక్కదాని స్క్రీన్ మీదే కనిపిస్తాయి. పొరపాటున ఒకరి సంగతి మరొకరికి చెప్పినా ఇద్దరు సప్లయర్లూ బ్లాక్ లిస్ట్, నా లాగిన్ కూడా పోతుంది. సిస్టమ్‌కి ఎవరూ చుట్టం కాదు మేడమ్ అన్నాడు అజయ్ బాబు.

మొదలైన నిమిషానికే ఎబినేజర్ గారి ఫోన్. నేను పెంచుతుంటే ఎర్రగా అరుస్తుందేంటమ్మా ఇది అని. పాట అంటే పెంచడమే కదా, జన్మలో తగ్గించే పాట వినలేదండి అన్నారు. ఎనిమిది వేల దగ్గర మొదలైన ధరని ఆయన పన్నెండు వేలకి తీసుకెళ్లాలని చూశారు. అర్థమయ్యాక మాత్రం యాభై యాభై చొప్పున భలే పద్ధతిగా తగ్గించారు. దత్తు వందలకి వందలు దూకుతాడు. పేరు కనిపించకపోయినా నడక కనిపిస్తోంది. ఇది నాకు మహా సరదాగా ఉంది.

వరమ్మ గారు ఎంతసేపూ ఏడు రూపాయలు తగ్గిస్తోంది. ఐదు తగ్గిస్తే చాలని రూలు. పది తగ్గించవచ్చు. ఏడు ఏంటి?

31 జనవరి

ఏడే ఎందుకు?

2 ఫిబ్రవరి, ఆదివారం

ఫోన్ చేసి అడిగేశాను. ఆగలేకపోయాను. అదంతేనమ్మాయ్, మా ఇంట్లో అలవాటు అంది వరమ్మ గారు. చెప్పీ చెప్పకుండా వదిలేసింది. సుబ్బయ్య గారితో అంటే, ఎవరైనా కోరి ఆ అంకె తెచ్చుకుంటారా అని చెవులు మూసుకున్నారు.

9 ఫిబ్రవరి, ఆదివారం

ఎబినేజర్ గారు పిలిస్తే కోతపండుగకి వెళ్లాను. నేను చర్చి లోపల కూర్చోవడం ఇదే మొదలు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక నలుగురి కాళ్ల వైపూ చూసి వాళ్లు చేసినట్టే చేశాను.

ఆరాధన అయ్యాక జనం తెచ్చిన కానుకలన్నీ ముందర పేర్చి వేలం పెట్టారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. కొన్నవాళ్లు కొన్నది ఇంటికి పట్టుకెళ్లరు! మళ్లీ దేవుడికే ఇచ్చేస్తారు, మళ్లీ వేలం. ఒక గుమ్మడికాయ నా కళ్ల ముందే నాలుగుసార్లు అమ్ముడుపోయింది. ఇలాంటి వ్యాపారం అజయ్ బాబుకి చూపించాలి.

ఎబినేజర్ గారు బల్ల ముందు నిలబడితే ఆయనే వేరు. ఒకటోసారి అని సాగదీస్తారు, రెండోసారి అని ఊరిస్తారు, ఎవరి జేబు ఎంత లోతో తెలిసినట్టు వాళ్ల వైపే చూస్తారు. మూడోసారి అనడానికి మాత్రం ఆయనకి ప్రాణం ఒప్పదు.

అయిదోసారి గుమ్మడికాయ పాట వంద దగ్గర ఉంది. వెనక నుంచి వరమ్మ గారు నూట ఏడు అంది.

చర్చి మొత్తం ఊరుకుంది. ఎబినేజర్ గారు సాగదీయలేదు, ఊరించలేదు. ఒకటోసారి రెండోసారి మూడోసారి అని ఒక్క ఊపిరిలో అనేసి బల్ల మీద చరిచారు.

నా పక్కన సరోజిని టీచరు గారు కూర్చున్నారు, రిటైరయ్యారట. అడక్కుండా ఉంటానా. శాలేమురాజు గారు బతికున్నన్నాళ్లూ ఎవరెంత పాడినా దాని మీద ఏడే వేసేవాడట. బైబిల్లో ఏడుసార్లు చుట్టూ తిరిగితే యెరికో కోట గోడలే పడ్డాయి, నాకో గుమ్మడికాయ పడదా అనేవాడట. అందరూ ఏడు రూపాయల శాలేమురాజు అని ఆట పట్టించేవాళ్లట. ఆయన పోయిన ఏడాది పండుగలో ఏడు వినపడలేదు. నిరుడు ఈవిడ మొదలుపెట్టింది. ఆ ఏడు మీద ఇంకెవరూ పాట వేయరమ్మా, ఎవరూ అనుకున్నది కాదు, నోరు రాదంతే అన్నారు టీచరు గారు.

బస్సెక్కేదాకా నాకు మాట రాలేదు. నాకు! అమ్మకి చెబితే నమ్మలేదు.

10 ఫిబ్రవరి

తెలుసుకున్నాను. ఇప్పుడీ తెలిసిన సంగతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

20 ఫిబ్రవరి, గురువారం. పొద్దున 10:40

పదకొండుకి అసలు వేలం. వరమ్మ గారికి ఇక ఎనిమిది రోజులుంది.

భయమేంటంటే, ఎబినేజర్ గారు ఏడు వేల కన్నా కిందికి కూడా దిగగలరు. పెద్ద బట్టీ. పోయినేడు మాకు ఆరు వేల తొమ్మిది వందలకే తోలారు, ఆ రేటు పోర్టల్‌లో ఉంది. ఆయన దిగితే వరమ్మ గారు వెంట దిగుతుంది. గెలిస్తే నష్టానికి కాల్చాలి. ఓడితే చేపల చెరువు. ఆయనకి ఒక్క ఫోన్ చేసి, అవతల ఉన్నది ఎవరో తెలుసా అంటే చాలు. అదే చేయకూడదు. ఫోన్ తీసి టేబుల్ సొరుగులో పడేశాను. సొరుగు తాళం సుబ్బయ్య గారికి ఇచ్చాను. ఎందుకని ఆయన అడగలేదు.

11:48

అయిపోయింది. వరసగా రాస్తాను.

దత్తు వందలు దూకి దూకి ఏడు వేల మూడు వందల దగ్గర ఆగిపోయాడు. మిగిలింది ఇద్దరే. టైము ముగిసే లోపు కొత్త ధర వస్తే పోర్టల్ మూడు నిమిషాలు పొడిగిస్తుంది. ఎబినేజర్ గారు 7200. వరమ్మ గారు 7193. మూడు నిమిషాలు. ఆయన 7150. ఆవిడ 7143. మళ్లీ మూడు నిమిషాలు.

ఆయన ఇంకో మూడుసార్లు తగ్గిస్తే ఆవిడ ఏడు వేల లోపు. నేను స్క్రీన్‌కి ముక్కు ఆనించి కూర్చున్నాను. సుబ్బయ్య గారు వెనక నిలబడ్డారు. ఆయనకి పేర్లు చెప్పలేదు.

రెండు నిమిషాలు. బిడ్డర్ టూ కదల్లేదు. ఒక నిమిషం. లాగిన్‌లోనే ఉన్నారు, పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. ముప్పై సెకన్లు. నాకు ఒకటోసారి, రెండోసారి అని వినిపించింది. నిజంగానే వినిపించింది.

సున్నా.

బిడ్డర్ త్రీ గెలిచింది. నేను కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరిగి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాను. సుబ్బయ్య గారు ధర చూసి, ఆరున్నొక్క వేలా నూట నలభై మూడు, పరవాలేదు, ముందు ఇటుక మోగించి చూడు అన్నారు.

22 ఫిబ్రవరి, శనివారం

శాంపిల్ వచ్చింది. మోగింది. సుబ్బయ్య గారు రెండుసార్లు కొట్టి విన్నారు. రెండోసారి పని కోసం కాదు, ముచ్చటకి.

24 ఫిబ్రవరి, సోమవారం

సంబరం మూన్నాళ్లే. ఆర్డర్ బటన్ నొక్కితే నొక్కుకోవడం లేదు. పోర్టల్ ఎర్ర జెండా ఎగరేసింది. బిడ్డర్ టూ గత ఏడాది తమ ధర కన్నా ఎక్కువ దగ్గరే ఎందుకు ఆగారు? కారణం ఎంచుకోండి.

నాలుగే ఉన్నాయి. టెక్నికల్ ప్రాబ్లమ్. ధర గిట్టుబాటు కాలేదు. బిడ్డర్లు కుమ్మక్కయ్యారు. ఇతరములు.

గడువు రేపు సాయంత్రం అయిదు. కారణం ఇవ్వకపోతే వేలం రద్దు, మళ్లీ మొదటికి. శుక్రవారంతో నెలాఖరు. మళ్లీ వేలం పెట్టే వ్యవధి లేదు.

25 ఫిబ్రవరి, మంగళవారం. మధ్యాహ్నం 2:15

పొద్దున ఎబినేజర్ గారికి ఫోన్ చేశాను. వేలం ముగిసింది కాబట్టి ఎందుకు ఆగారని అడగడం నా డ్యూటీయే. పేరు మాత్రం నా నోట రాకూడదు.

నెట్ పోయిందా అండి అని అడిగాను. అవునంటారేమోనని ఆశపడ్డాను, సిగ్గు లేకుండా. లేదమ్మా, నెట్ బాగానే ఉంది అన్నారు. గిట్టదనుకున్నారా అన్నాను. గిట్టేదే, ఇంకో మూడు వందలు దిగేవాణ్ణి అన్నారు. మరి ఎవరైనా మీతో మాట్లాడారా అన్నాను. ఎవరూ మాట్లాడలేదు, మీరు చెప్పలేదు, నేను అడగలేదు, అవతల ఎవరున్నారో ఆ పోర్టల్ చూపించలేదు కూడా అన్నారు.

తర్వాత, ఏడు తగ్గిందమ్మా అన్నారు. ఇంకోసారి చూద్దామని యాభై తగ్గించాను, మళ్లీ ఏడే తగ్గింది. ముప్పై ఏళ్లు ఆ ఏడు విని బల్ల చరిచిన చెయ్యి ఇది, దాని మీద పాట వేయమంటే వేయలేదు, ఏం చేయమంటారు అన్నారు.

ఆయన ఏడుస్తున్నారో నవ్వుతున్నారో ఫోన్లో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను. పెట్టేసే ముందు, మీ కంప్యూటర్‌కి ఏం రాస్తారో రాయండి గానీ అబద్ధం మాత్రం రాయొద్దమ్మా అన్నారు.

కుమ్మక్కు కాదు. ఒక్క మాట కూడా నడవలేదు. మరి దీన్ని ఏమంటారు? అజయ్ బాబుని అడగాలని ఉంది. అడిగితే అతను సిస్టమ్‌ని అడుగుతాడు.

సాయంత్రం 4:52

ఇతరములు నొక్కాను. ఖాళీ డబ్బా వచ్చింది. అందులో ఏడు అని టైపు చేశాను.

కనీసం పది అక్షరాలుండాలి అంది పోర్టల్. ఒత్తులూ గుణింతాలూ కూడా దాని లెక్కలో అక్షరాలే.

చెరిపేసి, ఆరున్నొక్కటి అని రాశాను.

తీసుకుంది.