దిగులుతో పాటు మీరూ పోతారేమోనని

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది మీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

నేను తిండీ నిద్రా మానేశానని మన అమ్మాయి సుజాత నన్ను భవానీపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. దిగులు తగ్గడానికి ఆవిడ రోజుకో మాత్ర రాసింది. నాకు మొదటి నుంచీ అనుమానమే. నా దిగులంతా మీ గురించే కదా, అది పోతే మీరూ పోతారేమోనని.

నెలన్నర తర్వాత ఒక పొద్దున లేవగానే మీరు గుర్తు రాలేదు. కాఫీ తాగాక వచ్చారు. భయపడి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాను. మూడో రోజుకి కళ్ళు తిరిగి వంటింట్లో కూలబడ్డాను. సుజాత మళ్ళీ తీసుకెళ్ళింది.

"ఉన్నట్టుండి ఆపకూడదండీ. ఆపాలనిపిస్తే నాకు చెప్పండి, కొద్దికొద్దిగా తగ్గిద్దాం. అసలెందుకు ఆపారు?" అంది డాక్టరమ్మ.

చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"మనిషిని మరిపించే మందు కాదండీ ఇది."

పూర్తిగా నమ్మలేదు గానీ, మళ్ళీ వేసుకుంటున్నాను.

ఇవాళ మీ సంవత్సరీకం భోజనాల దగ్గర మీ తమ్ముడు పాత సంగతి ఎత్తాడు. కూచిపూడిలో ఆడవేషం కట్టమంటే మీరు మీసం తీయనని మొండికేసి, దాని మీద పౌడరు రాసుకున్నారట. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వినందుకు నా మీద నాకే అనుమానం వచ్చింది. అంతలోనే నా నోటి నుంచి మాట వచ్చేసింది.

"పౌడరు కాదు మరిదిగారూ, వరిపిండి. చెమటకి ముద్దలు కట్టిందని ఆయనే చెప్పారు నాకు."